ఆక్వా రైతు, బస్సు కండక్టరు, ఒక లాటిన్ ధాతువు



ఈ పూట మనం ఇంగ్లీషు మాటల గురించి మాట్లాడుకుందాం. కంగారు పడకండి, గ్రామరు జోలికి పోను. ఒక కాగితం, ఒక పెన్ను దగ్గర పెట్టుకుంటే మంచిది. లేకపోయినా ఇబ్బంది లేదు. ముఖ్యమైన సంగతి రెండు మూడుసార్లు చెబుతాను.

ముందు మీకు బాగా తెలిసిన రెండు మాటలు తీసుకుంటాను. మొదటిది ఆక్వా. మా కోనసీమలో ఈ మాట తెలియనివారు ఉండరు. రొయ్యల చెరువు ఉన్నాయన ఆక్వా రైతు. ఆయన మేత కొనే కొట్టు ఆక్వా కొట్టు. రెండో మాట కండక్టర్. మా వాడపల్లి నుంచి రావులపాలెం వచ్చి బస్సెక్కితే టికెట్టు ఇచ్చేది కండక్టరే. ఆక్వా, కండక్టర్. ఇవి చదువుకోనివారి నోట కూడా నలిగిన మాటలే.

ఇప్పుడు పి. గన్నవరం వెళదాం. అక్కడ వైనతేయ నది మీద ఒక విచిత్రమైన వంతెన ఉంది. కింద నది పారుతుంది. పైన కాలువ పారుతుంది. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. ఆ గోదావరి నీళ్ళు నగరం లంకకి అందాలంటే మధ్యలో వైనతేయ అడ్డం. అందుకని 1850ల్లో, కాటన్ దొర హయాంలో, కాలువనే నది మీదుగా దాటించారు. తరవాత దాని పక్కనే కొత్తది కట్టారు. అడిగినవారికల్లా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు దానికి పెట్టారు. ఆ కట్టడాన్ని ఏమంటారు? అక్విడక్టు. ఆ చుట్టుపక్కల పొలం గట్టు మీద రైతుని అడిగినా అక్విడక్టు అనే చెబుతాడు.

ఇప్పుడు ఆ మాటని విడదీద్దాం. అక్వి. డక్ట్. ముందు సగంలో మన ఆక్వా ఉంది. వెనక సగం మన కండక్టర్‌లో ఉన్న డక్ట్. ఆక్వా అంటే లాటిన్ భాషలో నీరు. డక్ట్ అంటే నడిపించడం, దారి చూపించి తీసుకుపోవడం. నీటిని నడిపించుకుపోయేది అక్విడక్టు. పదిమందిని వెంట నడిపించుకుపోయేవాడు కండక్టర్. కన్ అంటే కూడా, కలుపుకుని అని. చూశారా, ఇంజనీరింగు పుస్తకాల్లో ఉండే మాట మనకి సగం రొయ్యల చెరువు దగ్గర, సగం బస్సులో ముందే తెలుసు. ఆ రెండూ కలపడమే మనం చెయ్యలేదు.

ఈ డక్ట్ అనే ముక్కనే ధాతువు అంటారు. రాసుకునేవారు రాసుకోండి: డి, యు, సి, టి. నడిపించడం అని దాని అర్థం. ముందు ప్రో తగిలిస్తే ప్రొడక్ట్: ముందుకి తెచ్చినది, తయారు చేసి బయటపెట్టినది. ఇంట్రో తగిలిస్తే ఇంట్రడక్షన్: కొత్తవాళ్ళని లోపలికి తీసుకొచ్చి పరిచయం చెయ్యడం. డి తగిలిస్తే డిడక్ట్: ఉన్నదాంట్లోంచి తీసేయడం. ఉద్యోగస్తులకి ఈ మాట నేను చెప్పక్కర్లేదు. జీతంలోంచి పన్ను కోసినప్పుడు వచ్చే టి.డి.ఎస్.లో డి అంటే ఈ డిడక్టే. పిల్లలు చదివే ఎడ్యుకేషన్ కూడా ఈ ఇంటిదే.

మా వాడపల్లికి దగ్గరలోనే లొల్ల లాకులున్నాయి. అక్కడ పెద్ద కాలువ వచ్చి పాయలుగా చీలుతుంది. ఏ పాయ ఒడ్డున ఉన్న రైతైనా వాడుకునేది ఆ పెద్ద కాలువ నీళ్ళే. ధాతువు కూడా అంతే. మాటలు పాతికైనా అర్థం ఒక్కచోట నుంచే పారుతుంది. మనం ఏం చేస్తున్నాం? పాతిక పాయల దగ్గరా పాతిక బిందెలతో నిలబడుతున్నాం. అందుకే బట్టీ పట్టిన మాట పరీక్ష హాలు దాకా కూడా నిలవడం లేదు.

మరి ఇంగ్లీషులోకి ఇంత లాటిన్ ఎలా వచ్చింది? ఒక్క నిమిషంలో చెబుతాను. లాటిన్ రోము నగరం భాష. రోమన్ల రాజ్యం పోయినా చర్చిలో, చదువులో అది వందల ఏళ్ళు నిలిచింది. 1066లో ఫ్రాన్సు దేశపు నార్మన్లు ఇంగ్లండుని జయించారు. వాళ్ళు మాట్లాడే ఫ్రెంచి, లాటిన్ బిడ్డ. దాంతో కోర్టు మాట, దర్బారు మాట ఫ్రెంచి అయింది. ఆ తరవాత పండితులు శాస్త్రాలు రాయడానికి లాటిన్ నుంచే నేరుగా మాటలు దించుకున్నారు. వంటింట్లో, పొలంలో మాత్రం పాత ఇంగ్లీషు మాటలే ఉండిపోయాయి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఈ కథ మనకి కొత్తా? మన తెలుగు సంగతీ ఇంతే కదా. ఇంట్లో నీరు అంటాం, పుస్తకంలో జలం అంటాం. ఇంట్లో పన్ను, ఆస్పత్రి బోర్డు మీద దంతం. ఇంట్లో కాలు, దేవుడి దగ్గర పాదం. ఇంటి మాట తెలుగు, గ్రంథం మాట సంస్కృతం. ఇంగ్లీషువాడిది కూడా సరిగ్గా ఇదే పద్ధతి. నోట్లో ఉన్నంతసేపూ టూత్. డాక్టరు దగ్గరికి వెళితే డెంటల్. నేల మీద ఉంటే ఫుట్. సైకిలెక్కితే పెడల్. పన్ను నుంచి దంతానికి వెళ్ళిన తెలుగువాడికి టూత్ నుంచి డెంటల్‌కి దారి తెలియదా? తెలుసు. ఇప్పటిదాకా ఆ పేరుతో ఎవరూ చెప్పలేదు, అంతే.

ఇంకో సంగతి గమనించండి. దంతం, డెంటల్. పాదం, పెడల్. వినడానికే ఒకలా ఉన్నాయి. ఇది కాకతాళీయం కాదు. 1786లో కలకత్తాలో, ఏషియాటిక్ సొసైటీ సభలో, విలియం జోన్స్ అనే న్యాయమూర్తి ఈ మాటే చెప్పాడు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే తల్లి బిడ్డలై ఉండాలి అన్నాడు. లాటిన్‌లో పన్ను డెంట్, మనకి దంతం. లాటిన్‌లో పేరు నోమెన్, మనకి నామం. లాటిన్‌లో ఓడ నావిస్, మనకి నావ, నౌక. నేవీ అనే మాట అక్కడి నుంచే వచ్చింది.

అయితే ఒక జాగ్రత్త. దీన్నిబట్టి తెలుగు లాటిన్‌కి అక్కో చెల్లెలో అనుకోకూడదు. తెలుగు పుట్టుక వేరు. తెలుగు, తమిళం, కన్నడం ఒక కుటుంబం. ఆ సంగతిని 1816లోనే మద్రాసులో ఎల్లిస్ అనే దొర అచ్చులో చూపించాడు. లాటిన్‌కి చుట్టాలు మన తెలుగులోకి వచ్చి స్థిరపడిన సంస్కృతపు మాటలు. మళ్ళీ చెబుతాను. పన్ను లాటిన్‌కి చుట్టం కాదు. దంతం చుట్టం. కాలు చుట్టం కాదు. పాదం చుట్టం.

సరే, రెండో ధాతువుకి వద్దాం. స్పెక్ట్. ఎస్, పి, ఇ, సి, టి. అర్థం: చూడటం. దీనికి సంస్కృతంలో చుట్టం స్పశ్. దాంట్లోంచే మన స్పష్టం వచ్చింది. స్పష్టం అంటే కంటికి కనబడేది. ఇప్పుడు చూడండి. ఇన్ అంటే లోపల. ఇన్‌స్పెక్టర్ అంటే లోపలికి తొంగి చూసేవాడు. బడికి వచ్చే ఇన్‌స్పెక్షను అదే. రి అంటే వెనక్కి. రెస్పెక్ట్ అంటే వెనక్కి తిరిగి చూడటం. ఒక పెద్దమనిషి మనల్ని దాటి వెళ్ళాక కూడా మరోసారి తిరిగి చూస్తామే, ఆ చూపు పేరే గౌరవం. సబ్ అంటే కింద. సస్పెక్ట్ అంటే కింది నుంచి చూడటం. తల వంచి, కనుబొమల కింద నుంచి చూసే చూపు ఎలాంటిదో మీకు తెలుసు. అది అనుమానపు చూపు. ఒకే చూపు. లోపలికైతే తనిఖీ, వెనక్కైతే గౌరవం, కింద నుంచైతే అనుమానం.

ఈ పద్ధతి ఎక్కడో విన్నట్టుంది కదూ? మన పండితులు బడిపిల్లలకి చెప్పే పాత ఉదాహరణ ఇదే. హారం అనే మాట తీసుకోండి. ఆ తగిలిస్తే ఆహారం. వి తగిలిస్తే విహారం. సం తగిలిస్తే సంహారం. పరి తగిలిస్తే పరిహారం. తినడం ఎక్కడ, చంపడం ఎక్కడ! ముందు చేరే ఆ చిన్న ముక్కని ఉపసర్గ అంటాం. ధాతువు ముందు ఉపసర్గ చేరితే అర్థం దారి మళ్ళుతుంది. ఈ సూత్రం వేదపాఠశాలల కోనసీమకి ఎవరు కొత్తగా చెప్పాలి? ఆహారానికీ విహారానికీ తేడా తెలిసిన పిల్లవాడికి ఇన్‌స్పెక్టుకీ రెస్పెక్టుకీ తేడా తెలియడం ఎంతసేపు? పైగా ఆ ఉపసర్గల్లోనూ చుట్టరికం ఉంది. ఇంగ్లీషు ప్రో మన ప్ర. ఇంగ్లీషు సబ్ మన ఉప.

ఈ విద్య ఎంతదాకా పనికొస్తుందో ఒక నిజమైన ఉదాహరణ చెబుతాను. అమెరికాలో ఏటా స్క్రిప్స్ నేషనల్ స్పెల్లింగ్ బీ అనే పోటీ జరుగుతుంది. బడిపిల్లలు వేదిక మీద నిలబడి, విన్న మాటకి స్పెల్లింగు చెప్పాలి. ఎప్పుడూ వినని మాటలు ఇస్తారు. మన పిల్లలు ఆ పోటీలో చాలాసార్లు గెలిచారు. 2024లో గెలిచిన బృహత్ సోమ మన తెలుగింటి పిల్లవాడే. చివరి అంకంలో తొంభై సెకన్లలో 29 మాటలకి తప్పు లేకుండా చెప్పాడు. అంతకుముందు, 2002లో ప్రత్యూష్ బుద్దిగ అనే కుర్రాడు గెలిచాడు. అతన్ని గెలిపించిన మాట ప్రోస్పిషియన్స్. మీరూ నేనూ ఎన్నడూ వాడని మాట. భయపడకుండా విడదీయండి. ప్రో, అంటే ముందుకి. తరవాత ముక్క స్పిక్, అంటే మన స్పెక్టే, కాస్త వేషం మార్చింది. ముందుకి చూడటం. అంటే దూరదృష్టి. మనకి అర్థం దొరికిపోయింది కదా!

ఆ పోటీలో పిల్లలకి ఒక హక్కు ఉంది. మాట చెప్పగానే, ఇది ఏ భాష నుంచి వచ్చింది అని అడగవచ్చు. ఇందులో ఫలానా ధాతువు ఉందా అని కూడా అడగవచ్చు. బాగా తయారైన పిల్లలు ముందు అడిగేది అదే. డిక్షనరీ మొత్తం ఎవరి బుర్రలోనూ పట్టదు. మాట ఏ ఇంటిదో తెలిస్తే దాని నడక తెలుస్తుంది.

ఇక మూడో ధాతువు. ఇది కొబ్బరి తోటలో దొరుకుతుంది. ఫెర్. ఎఫ్, ఇ, ఆర్. అర్థం: మోయడం, భరించడం. కొబ్బరి చెట్టుకి శాస్త్రం పేరు కోకోస్ న్యుసిఫెరా. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో శాస్త్రవేత్తలు కొబ్బరిని పిలిచే పేరు ఇదే. 1753లో స్వీడన్ దేశపు లినేయస్ పెట్టాడు. న్యుసి అంటే గట్టి పెంకు కాయ, నట్. ఫెరా అంటే మోసేది. కాయలు మోసే చెట్టు. మామిడికి ఆయన పెట్టిన పేరు మాంగిఫెరా. ఆ మాంగి ఎవరిది? మన పక్కింటి తమిళ, మలయాళ సోదరుల మాంగా. పోర్చుగీసువాళ్ళ నోటి మీదుగా పడమటికి వెళ్ళింది. మాంగా మోసేది మాంగిఫెరా.

ఇప్పుడు తోటలోంచి ఆఫీసుకి రండి. ట్రాన్స్ అంటే ఈ దరి నుంచి ఆ దరికి. ట్రాన్స్‌ఫర్ అంటే అటు మోసుకుపోవడం. సామాను లారీ ఎక్కించిన ఉద్యోగికి ఈ అర్థం వీపు మీదే తెలుస్తుంది. బాగా పండే నేల, కాపు మోసే నేల ఫర్టైల్. దానికి వేసే ఎరువు ఫర్టిలైజర్. నేల అడుగున నీటిని మోసే పొర ఉంటుంది. బోరు వేస్తే మనకి నీళ్ళిచ్చేది అదే. దాని పేరు ఆక్విఫర్. ఆక్వా మీకు తెలుసు. ఫెర్ మీకు తెలుసు. ఇక చెప్పేదేముంది?

సంస్కృతంలో ఈ ఫెర్‌కి చుట్టం భర. లాటిన్‌లో మాట మొదట ఫ కారం ఉన్నచోట చాలాసార్లు సంస్కృతంలో భ కారం ఉంటుంది. అక్కడ ఫ్రాటర్, ఇక్కడ భ్రాత. అక్కడ ఫెర్, ఇక్కడ భర. భారం, భరించడం, ఆభరణం, ఆఖరికి భర్త కూడా ఇందులోంచే. కాబట్టి ఆయ్, అమ్మలూ, ట్రాన్స్‌ఫర్ ఆర్డరుకీ మీ ఇంట్లో భర్తగారికీ మూలం ఒకటేనండి. ఎవరు ఎవర్ని మోస్తున్నారో మీరే తేల్చుకోవాలి.

మళ్ళీ ఒకసారి. డక్ట్ అంటే నడిపించడం. స్పెక్ట్ అంటే చూడటం. ఫెర్ అంటే మోయడం. ఈ మూడూ గుర్తుంటే చాలు, ఈ పూటకి పాస్.

లాటిన్ చచ్చిపోయిన భాష, మనకెందుకు అనేవారున్నారు. వారు ఈ సాయంత్రం మందుల చీటీ తీసి చూడాలి. పైన ఆర్, దానికి అడ్డగీత ఉంటుంది. అది రెసిపి అనే లాటిన్ మాటకి పొడి రాత. తీసుకో అని అర్థం. మాత్ర పక్కన బి.డి. అని రాస్తారు. బిస్ ఇన్ డియే. రోజుకి రెండుసార్లు. టి.డి.ఎస్. అని రాస్తారు. టెర్ డియే సుమెండుమ్. రోజుకి మూడుసార్లు వేసుకోవలసినది. బిస్ మన ద్వి. టెర్ మన త్రి. ఈ టి.డి.ఎస్. అక్షరాలే ఆఫీసువాళ్ళు రాస్తే జీతం తగ్గుతుంది, డాక్టరు రాస్తే జ్వరం తగ్గుతుంది. అమలాపురం మందుల షాపులో కుర్రాడు రోజూ లాటిన్ చదువుతున్నాడు. ఆ సంగతి ఆ కుర్రాడికి కూడా తెలియకపోవచ్చు.

ఇప్పుడు రెండు హెచ్చరికలు. అవి చెప్పకుండా వదిలేస్తే అన్యాయం.

మొదటిది. ఒకేలా కనిపించినవన్నీ చుట్టాలు కావు. లాటిన్‌లో పెడ్ అంటే పాదం. ఇందాకటి పెడల్‌లో ఉన్నది అదే. పాదచారి అనే అర్థం వచ్చే పెడెస్ట్రియన్‌లోనూ అదే. మరి పిల్లల డాక్టరు పీడియాట్రీషియన్? ఆయన పాదాల డాక్టరు కాదు. అక్కడున్నది గ్రీకు మాట, బిడ్డ అని అర్థం. కొన్నిచోట్ల రూపం ఒకటే అయినా అర్థాలు వేరు. పోర్ట్ అనే ధాతువుకి మోయడం అని ఒక అర్థం. ట్రాన్స్‌పోర్టు, ఎక్స్‌పోర్టు, స్టేషనులో పోర్టరు అందులోవే. కాకినాడ పోర్టు మాత్రం రేవు. పాస్‌పోర్టులో ఉన్నదీ ఆ రేవే. కనుక ధాతువుతో ఊహించండి, తరవాత డిక్షనరీ తెరిచి సరి చూసుకోండి. ఊహ మొదటి మెట్టు. డిక్షనరీ రెండో మెట్టు.

రెండో హెచ్చరిక. మాట పాత ఇల్లు వదిలి చాలా దూరం వచ్చేస్తుంది. లాటిన్‌లో కాండ్ అంటే వెలగడం, తెల్లగా ఉండటం. సంస్కృతంలో దాని చుట్టం చంద్ర. వెలిగేది కాండిల్, కొవ్వొత్తి. మరి కాండిడేట్? ఎన్నికల అభ్యర్థికీ వెన్నెలకీ ఏమిటి సంబంధం? రోములో పదవి కోరే మనిషి, సుద్దతో తెల్లగా చేసిన వస్త్రం కట్టుకుని ఓట్లడగడానికి వెళ్ళేవాడు. తెల్లబట్టలవాడు కాబట్టి కాండిడేట్. మన నాయకుల ఖద్దరు చొక్కాలు చూస్తే రెండువేల ఏళ్ళలో పెద్ద మార్పేమీ రాలేదనిపిస్తుంది! కానీ ఈ రోజు ఉద్యోగానికి అప్లికేషను పెట్టిన కాండిడేటు నల్ల ప్యాంటు వేసుకోవచ్చు. ధాతువు పాత అర్థం చెబుతుంది. ఇవాళ్టి అర్థం వాక్యంలోంచే తెలుసుకోవాలి.

సరే, మరి దీన్ని ఆచరణలో పెట్టడం ఎలా? మా వాడపల్లి వెంకటేశ్వరస్వామి దగ్గరికి వరుసగా ఏడు శనివారాలు రావడం ఒక మొక్కు. ఏ శనివారం చూసినా గౌతమి గట్టంతా జనమే. ఆ ఏడు లెక్కనే మనం చదువుకి వాడుకుందాం. సప్తకి లాటిన్ చుట్టం సెప్టెమ్. సెప్టెంబరు అంటే ఏడో నెల. రోమన్ల పాత సంవత్సరం మార్చితో మొదలయ్యేది, అందుకని. శనివారం సంగతి కూడా చూడండి. ఇంగ్లీషు వారాల పేర్లలో రోమన్ దేవుడి పేరు మిగిలింది శాటర్‌డే ఒక్కదానిలోనే. ఆ శాటర్న్ మన శనిగ్రహమే.

వారానికి ఒక్క ధాతువు. ఒక్కటే. మొదటి శనివారం డక్ట్. రెండో శనివారం స్పెక్ట్. మూడోది ఫెర్. నాలుగోది పెడ్. అయిదోది స్క్రిప్ట్, అంటే రాయడం. ప్రిస్క్రిప్షన్ అంటే ముందుగా రాసిచ్చినది, మన మందుల చీటీ. ఆరోది పోర్ట్. ఏడోది వోక్, అంటే పిలవడం, పలకడం. దాని చుట్టం మన వాక్కు. అండగా పిలిపించుకున్నవాడు అడ్వకేట్. మాటల మొత్తం పేరైన వొకాబులరీ కూడా ఆ వాక్కు చుట్టమే.

ప్రతి ధాతువుకీ నోటుబుక్కులో ఒక పేజీ ఇవ్వండి. మధ్యలో ధాతువు, దాని కింద తెలుగులో అర్థం. చుట్టూ అయిదు మాటలు చాలు. అవి డిక్షనరీలోంచి వద్దు. మీ బస్సులోంచి, మీ బడిలోంచి, మీ ఆస్పత్రిలోంచి, మీ పొలంలోంచి ఏరండి. ఒక్కో మాటతో మీ సొంత వాక్యం ఒకటి రాయండి. వారమంతా పేపర్లో ఆ ధాతువు ఎక్కడ కనబడినా గీత పెట్టండి. మరో ధాతువు జోలికి మళ్ళీ శనివారం దాకా వెళ్ళవద్దు.

ఇంట్లో పెద్దవారికి ఒక ప్రత్యేకమైన మనవి. నాకు ఇంగ్లీషు రాదు, మనవరాలికి నేనేం చెబుతాను అని పక్కకి తప్పుకోకండి. ఆ పిల్లకి ట్రాన్స్‌ఫర్ తెలుసు. భారం, భర్త, ఆభరణం ఒకే ధాతువులోంచి వచ్చాయని మీకు తెలుసు. ఆ పిల్లకి పెడల్ తెలుసు. పాదం, పదం, పాదుకలు మీకు తెలుసు. పద్యాలు, స్తోత్రాలు నోటికొచ్చిన అమ్మమ్మ ఆ ఇంట్లో సగం లాటిన్ పంతులమ్మ. మిగతా సగం మనవరాలు. ఇద్దరూ ఒక పేజీ ముందు కూర్చుంటే ఆ పిల్లకి ఇంగ్లీషు వస్తుంది. దాంతోపాటు, ఈ రోజుల్లో అంతకంటే కష్టమైనది, తెలుగు కూడా వస్తుంది.

ఇక సెలవు తీసుకునే ముందు మీకో చిన్న పని. లెక్కల పుస్తకంలో సర్కమ్‌ఫరెన్స్ అనే మాట ఉంటుంది. సర్కమ్ అంటే చుట్టూ. ఫర్ మీకు తెలిసినదే. ఆ మాట వృత్తంలో దేనికి పేరు, ఎందుకు ఆ పేరు వచ్చింది? ముందు మీరు ఊహించండి. తరవాత ఇంట్లో హైస్కూలు చదువుతున్న పిల్లల్ని అడగండి. జవాబు వాళ్ళకి తెలిసే ఉంటుంది. ఎందుకు అన్నది మాత్రం మీరే వాళ్ళకి చెప్పవలసి రావచ్చు.